ఒకే తీగపై పలు బండ్లు

(పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన తల్లిదండ్రుల సమావేశమున సంఘము పక్షమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సమావేశమున పిల్లల చదువును గుఱించి, పరీక్షలను గుఱించి మాటలాడుట మన వాడుక. నేడు మాత్రము విద్యుచ్ఛక్తిని గుఱించి కొంతసేపు మాటలాడుటకు మీ యనుమతి కోరుచున్నాము. మన పిల్లల తండ్రులలో ఆటో నడుపువారు పలువురు కలరు. తెల్లవారకముందే రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగుళూరునకు పనికి పోవు తల్లులును తండ్రులును కలరు. వారిలో కొందఱు స్టేషనువఱకు స్కూటరుపై పోయి, దానిని అచ్చట నిలిపి పోవుదురు. ఈ ఆటోలును స్కూటర్లును ఒకటొకటిగా పెట్రోలును విడిచి విద్యుత్తునకు మాఱుచున్నవి. రాత్రి బండిని ఎక్కడ చార్జి చేసికొనవలెనను ప్రశ్న ఇంటింట పుట్టుచున్నది. అద్దెయిండ్లలోను, వెనుకటి గనుల లైనులలోను, ఇఱుకు సందులలోను ఉండువారికి బండి నిలుపు చోటనే ప్లగ్గు దొరకుట సులభము కాదు. రాత్రివేళ ఊరక పడియుండు మన పాఠశాల ఆవరణమును, దాని కనెక్షనును ఇందులకు వినియోగింపరాదా యని కొందఱు తల్లిదండ్రులు సంఘమును అడిగియున్నారు. ఔనని గాని కాదని గాని చెప్పుటకు ముందు ఆ విషయము యొక్క లోతుపాతులను మీ యెదుట నుంచుట మా విధి యని తలచుచున్నాము.

ఒకే తీగను పలువురు పంచుకొనుట బంగారు గనుల వారికి క్రొత్త విద్య కాదు. 1902వ సంవత్సరమున కావేరీనదిపై శివసముద్రమునొద్ద పుట్టించిన విద్యుచ్ఛక్తి 92 మైళ్ళు తీగలమీద వచ్చి మన గనులను చేరెను. అంతటి దూరము శక్తిని కొనిపోవుట ఆనాడు ప్రపంచమునందే అరుదైన పని. మైసూరు దివాను సర్ కె. శేషాద్రి అయ్యరు దీనికి పూనుకొని, ఫలమును కన్నులార చూడకయే 1901లో కాలధర్మము నొందెను. ఇంజనీరు జోలీ డి లొట్బినియర్ పనిని నడిపించెను. ఆ తీగ మొట్టమొదట గనుల యంత్రముల కొఱకే వేయబడినది. గనులకు పోగా మిగిలిన శక్తితో 1905లో బెంగుళూరు వీథులలో దీపములు వెలిగినవి. బెంగుళూరు వెలుగు మన మిగులుబాటునుండి పోయినదని మన పిల్లలకు ఎవరైన చెప్పుచున్నారో లేదో!

వేసవిలో కావేరి సన్నగిల్లినపుడు ఆ శక్తియు సన్నగిల్లెడిది. గనిలో నీరు తోడు పంపును, మనుష్యులను దింపి యెక్కించు చక్రమును ఆపుట ప్రాణములతో చెలగాటము. కావుననే 1911లో పని ఆరంభమైన కృష్ణరాజసాగరము ఆనకట్ట కేవలము సేద్యము కొఱకు తలపెట్టినది కాదు. శివసముద్రమునకు ఏడాది పొడవున నీరందించి గనులకు శక్తి తప్పకుండ చేయుటయు అందలి యుద్దేశములలో నొకటి. విశ్వేశ్వరయ్యగారి పేరు ఆ ఆనకట్టతో ముడివడియున్నది. శక్తి తక్కువైనపుడు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అను నియమము కావలెను. మిగిలినదానిని వ్యర్థము చేయక మఱియొకరికి ఇయ్యవలెను. వీలైనచో ముందుగా కొంత నిలువచేసికొనవలెను. నేడు విద్యుద్వాహనముల చార్జింగు స్థలములలో యంత్రములు చేయునదంతయు ఇంతే.

మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. తీగలు మాత్రము కోలారును విడువలేదు. ఒడిశాలోని తాల్చేరునుండి 500 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్తును 1300 కిలోమీటర్లకు పైబడిన దూరము కొనివచ్చు మహామార్గము 2003లో కోలారునొద్దకే వచ్చి చేరినది. అది 2000 మెగావాట్ల శక్తిని మోయుటకై నిర్మింపబడినది. దక్షిణ రాష్ట్రములు దానిని పంచుకొనుచున్నవి. అంతటి శక్తి వచ్చి దిగు జిల్లాలో రాబర్ట్‌సన్‌పేట సందులోని ఆటోకు చార్జి దొరకదనగా వినువారికి వింతగా తోచును. కాని ఆ శక్తి మన వీథి ట్రాన్స్‌ఫార్మరు గుండ రావలెను, పిదప మన మీటరు గుండ రావలెను. కోటకు ఎంత పెద్ద ద్వారమున్నను లోపలి దిడ్డివాకిలి పట్టునంతమందియే ఒక్కసారి లోనికి పోగలరు గదా!

ఆ దిడ్డివాకిలికి మంజూరైన లోడని పేరు. మన జిల్లాలో విద్యుత్తు నందించు బెస్కాంవారు ఒక్కొక్క కనెక్షనునకు ఇన్ని కిలోవాట్లని మంజూరు చేయుదురు. దానిని మించి వాడినచో జరిమానా పడును. మఱియు మించినచో ఫ్యూజు పోవును. లోడును పెంచుకొనవచ్చును గాని అందులకు డిపాజిట్టు, నెలనెల స్థిరరుసుము, ఒక్కొక్కప్పుడు క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు తలకెత్తుకొనవలసి యుండును. రుసుముల మీద నడచు మనవంటి పాఠశాలకు ఇది చిన్న మాట కాదు.

లెక్క కొఱకు ఒక యుదాహరణము తీసికొందము. ఒక స్థలమునకు 18 కిలోవాట్ల మూడు ఫేజుల కనెక్షను కలదనుకొనుడు. ఒక్కొక్క ఫేజునకు 6 కిలోవాట్లు. అచ్చట 3.3 కిలోవాట్ల చార్జర్లు తొమ్మిది పెట్టినారు. రెండు చార్జర్లు ఒకే ఫేజుపై నిండుగా పనిచేసినచో 6.6 అగును, అది మితిని దాటును. కావున జాగ్రత్తపరుడైన మేస్త్రీ ఫేజునకు ఒకటి చొప్పున మూడింటినే నడువనిచ్చి తక్కిన ఆఱింటిని మూసివేయును. ఆతని జాగ్రత్త మంచిదే. కాని ఫేజునకు 2.7 కిలోవాట్ల శక్తి ఎవరికిని దక్కక నిలిచిపోవును, ఆఱుగురు ఆటోవారు తమ వంతు కొఱకు మేలుకొని కూర్చుందురు.

ఇప్పుడు అవే తొమ్మిది బండ్లకు శక్తిని పంచి యిత్తమనుకొనుడు. ఫేజునకు మూడు బండ్లు. ఒక్కొక్కదానికి 2 కిలోవాట్లు. ఆటో బ్యాటరీకి 8 యూనిట్లు కావలెననుకొన్నచో, నష్టములను విడిచి, నాలుగు గంటలలో తొమ్మిదియు నిండును. రాత్రి పది గంటలకు తగిలించి నిద్రపోయినవాడు నాలుగు గంటలకు లేచి బండి తీసికొనిపోవచ్చును. ఆ తొమ్మిదింటికి కావలసినది 72 యూనిట్లు. ఆ కనెక్షను ఎనిమిది గంటలలో ఈయగలిగినది 144. చూడుడు, కొఱత శక్తికి లేదు. అందఱును ఒకే వేళ నిండుగా కావలెనని యడుగుటయందే కొఱత పుట్టుచున్నది.

ఈ పంపకమునకు మన జిల్లా పల్లెలలో ఒక పాత ఉద్యోగము కలదు. జీవనది లేని కోలారు సీమను పోషించినవి చెరువులు. అవిభక్త జిల్లాలో అవి వేలకొలది యుండెడివి. చెరువు తూము తెఱచుట, కాలువ మడవలు కట్టుట, ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో చూచుట నీరుగంటి పని. ఆతని కూలి కళ్ళమున ధాన్యముగా ముట్టెడిది. నీరు తక్కువైన యేట ఆయకట్టంతయు తడుపక, కొంత భాగమునే తడిపి, ఆ భాగములో వంతులు వేసెడివారు. ఒక మడి తడిసినదని చూడగానే నీరుగంటి పలుగుతో మడవ మార్చి నీటిని ప్రక్క మడికి త్రిప్పును. చార్జింగు స్థలమునందలి నియంత్రణ యంత్రము అచ్చముగా నీరుగంటియే. మీటరు ఆతని కన్ను. సంకేతము ఆతని పలుగు.

ఆ సంకేతమెట్లు పనిచేయునో చెప్పెదము. ఇంటర్మీడియెట్టు చదువు పిల్లలున్నవారు వారికిని చెప్పవచ్చును. చార్జరునుండి బండికి శక్తి తీగలతోపాటు సన్నని సంకేతపు తీగ యొకటి పోవును. దానిపై సెకనుకు వేయి మార్లు చిన్న విద్యుత్ కెరటము లేచి పడుచుండును. అది ఎంతసేపు లేచి నిలిచినదో దానినిబట్టి, తాను ఎన్ని ఆంపియర్లు తీసికొనవచ్చునో బండి గ్రహించును. పదింట ఒక వంతు కాలము నిలిచినచో 6 ఆంపియర్లు. సగము కాలము నిలిచినచో 30. బండి అంతకు మించి త్రాగదు. కాని 6 ఆంపియర్లకు తక్కువగా చెప్పుటకు ఈ పద్ధతిలో వీలులేదు. 230 వోల్టుల వద్ద 6 ఆంపియర్లనగా 1.38 కిలోవాట్లు. కావున మన యుదాహరణములో ఫేజునకు నాలుగు బండ్లు వచ్చినను 1.5 చొప్పున నడచును. అయిదవది వచ్చినచో తలకు 1.2 మాత్రమే వచ్చును, అది చాలదు. ఆ యైదవ బండి ఆగవలెను, లేదా అయిదును వంతులవారీగా ఒక్కొక్కటి ఆగుచు నడువవలెను. పంపకము ఎంత తెలివిగలదైనను దానికి ఒక అంచు కలదని, పదమూడవ బండికి అప్పటికప్పుడు చోటు లేదని ముందుగనే తెలిసికొనుట మేలు.

మఱియొక సంగతి. బ్యాటరీ నిండవచ్చుకొలది తీసికొనుట తగ్గించును. అట్టి బండికి 2 కిలోవాట్లు కేటాయించి యుంచినను అది ఒక్కటే తీసికొనవచ్చును. మిగిలిన ఒక్కటి ప్రక్క బండికి పోవలెను. అందుచేత ఒకసారి పంచి ఊరకుండుట కాక, నిముషనిముషమునకు కొలుచుచు మార్చుచుండుట అవసరము. పాఠశాలలో పంపు వేసినపుడో, సాయంత్రపు తరగతులకు దీపములు వెలిగినపుడో బండ్ల పాలు తగ్గి, అవి ఆగినపుడు మరల పెరుగును. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విద్యాలయపు బండ్ల గ్యారేజీలో 2016నుండి ఇట్టి యేర్పాటు నడిపి చూచిరి. అచ్చట 54 చార్జర్లకు 150 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు చాలినది; అన్నియు ఒకేసారి నిండుగా పనిచేసినచో దానికి రెండింతలకు పైగా కావలసియుండును. ఎవరి బండికి ఎంత శక్తి కావలెనో, ఎప్పుడు పోవుదురో వారినే అడిగి పంచిరి. ఆ జవాబులు అంతగా నమ్మదగియుండలేదని ఆ పరిశోధకులే పిదప వ్రాసిరి. మనుష్యులు అంతటను ఒక్కటే!

మన బండ్ల విషయమున ఒక చిక్కు కలదు. దీనిని దాచి చెప్పుట న్యాయము కాదు. మన ఆటోలును స్కూటర్లును అనేకము ఇంటి మూడు పిన్నుల ప్లగ్గునకే తగిలించునవి. వాటికి ఆ సంకేతపు తీగ లేదు. తక్కువ త్రాగుమని చెప్పిన వినవు. వేయుటయో తీయుటయో తప్ప మధ్య మార్గము లేదు. అట్టివానికి వంతుల పద్ధతియే శరణ్యము: యంత్రము అరగంట ఈ ప్లగ్గులకు, అరగంట ఆ ప్లగ్గులకు శక్తి నిచ్చుచు త్రిప్పును. పంపుసెట్లు గల రైతులకు ఇది చెప్పనక్కఱలేదు. త్రీఫేజు కరెంటు దినమునకు కొన్ని గంటలే, అదియు వంతులవారీగా వచ్చుట వారు ఏనాటినుండియో చూచుచున్నారు. స్కూటరు చార్జరు చాలమట్టుకు ఒక కిలోవాటునకు అటునిటు మాత్రమే తీసికొనును గనుక స్కూటర్లతో తగవు తక్కువ. బ్యాటరీనే మార్చుకొను పద్ధతియు కలదు. మన జిల్లా నరసాపురములోని కర్మాగారమున తయారగునని హోండావారు 2024 నవంబరులో ప్రకటించిన ఆక్టివా విద్యుత్ స్కూటరు ఆ జాతిది. ఖాళీ బ్యాటరీలనిచ్చి నిండినవి తీసికొనవచ్చును. అచ్చట బండి వేచియుండనక్కఱలేదు. బ్యాటరీలు అరలో కూర్చుండి తీరికగా నిండుచుండును. కృష్ణరాజసాగరమును చిన్నదిగా చేసి బీరువాలో పెట్టినట్లున్నది! కాని ఆ యర లున్న ఊరివారికే ఆ సౌకర్యము.

ఇంతవఱకు యంత్రము మాట. మాకు దానికంటె ముఖ్యముగా తోచునది నియమము మాట. యంత్రము నీరుగంటి వంటిదంటిమి. నీరుగంటి తన యిష్టము వచ్చినట్లు మడవ త్రిప్పడు, ఊరివారు కూర్చుండి చేసికొన్న కట్టుబాటు ప్రకారము త్రిప్పును. చార్జింగు యంత్రములో ఆ కట్టుబాటును ఎవరో ఒకరు వ్రాసి పెట్టుదురు. మనము వ్రాయనిచో అమ్మినవాడు వ్రాసియుంచినదే నడచును. అది ముందు వచ్చినవారికి ముందు అని యుండవచ్చును. అందఱికి సమానమని యుండవచ్చును. ఎక్కువ డబ్బిచ్చినవారికి ఎక్కువ శక్తి యని యుండవచ్చును.

సమానమనునది వినుటకు ఇంపుగా నుండును. కాని ఉదయము తొమ్మిది గంటలకు కదలు కారునకును, మారికుప్పము మొదటి రైలుకు మనుష్యులను చేర్చవలసిన ఆటోకును సమానముగా పంచుటలో న్యాయమెంత? బ్యాటరీ సగమే నిండినచో ఆటోవానికి ఆ ఉదయపు బేరము పోవును. ఆ బేరమే కొందఱి యిండ్లలో పిల్లవాని రుసుము. ఇంటి కారు ఒక గంట ఆలస్యముగా నిండినచో ఎవరికిని నష్టములేదు. కావున ప్రతి బండికి కొంత కనీసపు పాలు ఇచ్చి, మిగిలినది ముందు కదలవలసిన బండికి ముందు పోవునట్లు చేయవలెనని సంఘములో అధికసంఖ్యాకుల యభిప్రాయము. ప్రతివాడును తెల్లవారుజాము నాలుగు గంటలకే పోవలెనని వ్రాయించినచో? యంత్రము బండి కదలిన వేళను గుర్తుంచుకొనును. నాలుగని చెప్పి ఎనిమిదికి కదలుట వాడుకగా గలవారి మాటకు ఆ పైన విలువ తగ్గించుట యంత్రమునకు కష్టము కాదు. డబ్బునుబట్టి ముందు వెనుకలు నిర్ణయించుటను మాత్రము మేము ఒప్పుకొనజాలము. యూనిట్టు ధర అందఱికి నొక్కటిగా నుండవలెను.

ధరలో వేళనుబట్టి భేదము రావచ్చును. అది వేఱు సంగతి. కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖవారు 2024లో వెలువరించిన మార్గదర్శకములు చార్జింగు స్థలములకిచ్చు విద్యుత్తు ధర ఎండవేళ సరాసరి సరఫరా వ్యయములో 0.7 వంతు, తక్కిన వేళలలో 1.3 వంతు ఉండవలెనని సూచించినవి. సూర్యుడు ఉచితముగా నిచ్చుచున్నాడు గనుక పగలు చవుక. ఆటో పగలు వీథిలో తిరుగవలెను గదా యందురు, నిజమే. కాని మన ఉపాధ్యాయుల స్కూటర్లు పగలంతయు చెట్టు క్రింద నిలిచియుండును. వాటిని పగలే నింపి పంపినచో రాత్రి తీగ ఆటోలకు మిగులును. ఇది ఏ యంత్రమును లేకయే రేపటినుండి చేయదగిన పని.

చార్జర్లు కొనుట సంభవించినచో రెండు మూడు విషయములందు మేము పట్టుదలగా నుందుము. వేర్వేరు కంపెనీల చార్జర్లు ఒకే నియంత్రణమునకు లోబడుటకు ఓసీపీపీ అను ఉమ్మడి భాష కలదు. అది రాని చార్జరును చవుకగా వచ్చుచున్నదని కొనరాదు. నియంత్రణ యంత్రముతో మాట తెగిపోయినచో ప్రతి చార్జరును తనంతట తాను తక్కువ మితికి దిగిపోవలెను గాని నిండుగా లాగరాదు. లేనిచో ఇంటర్నెట్టు పోయిన రాత్రి ఫ్యూజును పోవును. ఎర్తింగు సరిగా నుండవలెను, విద్యుత్ స్రవించినచో తక్షణమే తెగిపోవు రక్షణ యుండవలెను. ఉదయము మొదటి గంట కొట్టుటకు ముందే తీగలన్నియు చుట్టి తాళము వేయబడవలెను. పిల్లలు తిరుగు చోట ఈ విషయమున సడలింపు లేదు. ఇక నియమములు వ్రాసిన బోర్డు. మనది తెలుగువారి పాఠశాలయే యైనను ఆ బోర్డు తెలుగు, కన్నడము, తమిళము మూడింటను ఉండవలెను. మన ప్రక్కయింటివారు ఈ మూడు భాషలవారును. రాత్రి చోటు మిగిలినపుడు వారి బండ్లను కాదనుట ఊరి మర్యాద కాదు.

ఖర్చు ఎంతయగునో నేడు చెప్పజాలము. మన కనెక్షనుపై రాత్రి నిజముగా ఎంత శక్తి మిగులుచున్నదో ఒక నెల దినములు మీటరు చూచి వ్రాసిన పిదప గాని ఆ లెక్క తేలదు. ఆ పని వచ్చు నెల మొదటి తేదినుండి ఆరంభింప నిశ్చయించితిమి. అంతలో మీవలన మాకు కావలసినది ఒక్కటే. కార్యాలయమున గుమాస్తా వద్ద చీటీలు ఉంచబడినవి. మీకు ఏ బండి కలదు లేక కొనదలచితిరి, దాని ప్లగ్గు ఎట్టిది, రాత్రి ఎన్ని గంటలకు తెచ్చి నిలుపగలరు, ఉదయము ఎన్ని గంటలకు కదలవలెను అను నాలుగు విషయములు వ్రాసి యిండు. కదలు వేళను మాత్రము ఉన్నదున్నట్లు వ్రాయుడు. బండి లేనివారును చీటీ తీసికొనవచ్చును; రాత్రివేళ పాఠశాల ఆవరణము తెఱచియుంచుటను గుఱించి మీకు అభ్యంతరమున్నచో దాని వెనుక వ్రాయవచ్చును. చీటీలన్నియు చేరిన పిదప మరల సమావేశమయ్యెదము.